పశ్చిమ సిసిలీ: సగంలో ఆగిన గుడి, మొదట్లోనే ఆగిన రోడ్డు

ఇటలీ ద్వీపం సిసిలీ వెళ్ళొచ్చామంటే అందరూ రెండే అడుగుతున్నారు. ఎట్నా అగ్నిపర్వతం ఎక్కారా? మాఫియా కనిపించిందా? ఎట్నా మేం చూడలేదు. అది ద్వీపానికి తూర్పున ఉంది, మేం తిరిగింది పడమటి కొస. మ్యూనిక్‌లో ఉండే మా అమ్మాయి వెతికి వెతికి, నడక ఎక్కువ, షాపింగ్ తక్కువ ఉండే ఒక చిన్న బృందంలో మమ్మల్ని చేర్చింది. జర్మన్లు, ఒక డచ్ జంట, మేమిద్దరం. ఏప్రిల్ నెల. గైడ్ ట్రాపాని ఊరావిడ. వృక్షశాస్త్రం చదువుకుందట, అందుకే గుడి దగ్గర ఉన్నా ఆవిడ కళ్ళు ముందు గడ్డి మీదికే పోయేవి.

మాఫియా సంగతి మాత్రం విమానం దిగిన కాసేపటికే ఎదురైంది. పాలెర్మో విమానాశ్రయం పేరే ఫాల్కోనే–బోర్సెల్లినో. మాఫియా కేసులు నడిపిన ఇద్దరు న్యాయాధికారుల పేర్లవి. ఊళ్ళోకి వెళ్ళే హైవే మీద కపాచి దగ్గర 1992 మే 23న రోడ్డు కింద పెట్టిన పేలుడు పదార్థాలతో జొవాన్ని ఫాల్కోనేను, ఆయన భార్యను, ముగ్గురు అంగరక్షకులను చంపేశారు. రెండు నెలలు తిరగకముందే బోర్సెల్లినోనూ చంపారు. ఇప్పుడక్కడ స్మారక స్తంభాలున్నాయి. పైన కొండ మీది చిన్న గది గోడకు పెద్ద అక్షరాలతో ‘నో మాఫియా’ అని రాసి ఉంది. వ్యాన్ ఆపకుండానే గైడ్ చెప్పింది: "ఇది చూపించకపోవడం తప్పు. ఇదొక్కటే చూపించడం ఇంకా తప్పు." తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

పాలెర్మో గురించి రాయాలంటే అదే ఒక పుస్తకమవుతుంది. 9వ శతాబ్దంలో అరబ్బులు ద్వీపాన్ని గెలిచారు. 1072లో పాలెర్మో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్ల చేతికి వచ్చింది. 1130లో రెండో రోజర్ రాజయ్యాడు. వచ్చిన రాజు ఉన్న పనివాళ్ళను తరిమెయ్యలేదు. అతని రాజభవనంలోని ప్రార్థనా మందిరంలో గోడల మీది బంగారు మొజాయిక్ (చిన్న చిన్న ముక్కలు అతికించి చేసే బొమ్మల పని) గ్రీకు పద్ధతిది, తల పైకెత్తితే చెక్క పైకప్పంతా అరబ్ పనితనం. తేనెపట్టు గదుల్లాంటి ఆ చెక్కడాల మధ్య సంగీతం వాయించేవాళ్ళు, మధువు తాగేవాళ్ళు, చదరంగం ఆడేవాళ్ళ బొమ్మలున్నాయి. చర్చి పైకప్పు మీద చదరంగం! మన దేశంలో పుట్టిన ఆట పారశీకుల చేతి మీదుగా, అరబ్బుల చేతి మీదుగా వచ్చి అక్కడ కూర్చుంది. బొమ్మ మరీ చిన్నది, ఎంత ఎత్తునో ఉంది. దుర్భిణీ తీసుకెళ్తే బాగుండేది.

అంతకంటే నాకు నచ్చింది జీసా భవనంలోని ఒక సమాధి ఫలకం. 1149 నాటిది. గ్రిసాంతో అనే క్రైస్తవ పూజారి తన తల్లి అన్నా కోసం వేయించాడు. అదే సంగతి లాటిన్‌లో, గ్రీకులో, అరబిక్‌లో, మళ్ళీ హీబ్రూ లిపిలో రాసిన అరబిక్‌లో చెక్కించాడు. ఎవరి లెక్క ప్రకారం వాళ్ళకు సంవత్సరం కూడా వేరే వేయించాడు. ఎవరు అటుగా వెళ్ళినా చదువుకుని మా అమ్మను తలుచుకోవాలి అనే కొడుకు ఆశ తప్ప అందులో రాజకీయం ఏమీ నాకు కనిపించలేదు. మొన్రియాలె చర్చిలో 6,000 చదరపు మీటర్లకు పైగా మొజాయిక్ ఉంది. చూడాల్సిందే, కానీ అంత బంగారం ఒక్కసారి చూస్తే కళ్ళు తిరుగుతాయి.

తిండికి భయపడ్డాం గానీ ఆ భయం మొదటి పూటతోనే పోయింది. మా ఆయన గుడ్డు కూడా ముట్టడు. పాలెర్మో వీధుల్లో పనెల్లె అమ్ముతారు. శనగపిండిని నీళ్ళతో ఉడికించి, ఆరబెట్టి, పలుచగా కోసి నూనెలో వేయిస్తారు. బన్నులో పెట్టి, నిమ్మకాయ పిండి ఇస్తారు. పచ్చిమిరపకాయ ఒక్కటే తక్కువ అన్నాడు ఈయన, నాలుగోది తింటూ.

సెజెస్తా గుడి కోసం మాత్రం ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. చుట్టూ ఊరు లేదు, ఇల్లు లేదు. పచ్చటి గుట్ట, దాని మీద 36 రాతి స్తంభాలు, పైన దూలాలు, రెండు చివర్లా త్రికోణపు ముఖాలు. అంతే. పైకప్పు లేదు. లోపల గర్భగుడి లేదు. పడిపోవడం వల్ల కాదు, అసలు కట్టనే లేదు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దం చివర మొదలెట్టిన పని అలాగే ఆగిపోయింది. గ్రీకు గుడి స్తంభాలకు నిలువునా గాడులుంటాయి కదా, ఇక్కడ అవి లేవు. స్తంభం నిలబెట్టాక ఆఖర్న తీసే గాడులవి. మెట్ల రాళ్ళకు బొడిపెలు అలాగే ఉన్నాయి. రాయి ఎత్తేటప్పుడు తాడు వెయ్యడానికి వదిలిన బొడిపెలవి, పనయ్యాక చెక్కేసేవాళ్ళు.

మాది హిందూపురం. లేపాక్షికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. అందుకే మా ఆయన గుడి చుట్టూ ఒక్క చుట్టు తిరిగొచ్చి, "చూసినావా, మన కల్యాణమండపం మాదిరే సగంలో వదిలేసినారు" అన్నాడు. గైడ్‌కు లేపాక్షి కథ చెప్పాను: విజయనగర రాజుల కాలంలో విరూపణ్ణ గుడి కట్టించడం, ఖజానా సొమ్ము వాడాడని నింద పడటం, తన కళ్ళు తనే పీకి గోడకు కొట్టుకున్నాడని జనం చెప్పుకోవడం, ఆ గోడ మీది ఎర్ర మరకలు. ఆవిడ శ్రద్ధగా విని, "మా కథలో కూడా డబ్బే ఉంది, కానీ సిగ్గుపడినవాడు ఒక్కడూ లేడు" అంది.

ఆ కథ ఇది. సెజెస్తా వాళ్ళు గ్రీకులు కారు, ఎలిమియన్లనే స్థానిక జాతి. దక్షిణాన ఉన్న గ్రీకు నగరం సెలినుంతెతో వీళ్ళకు తరతరాల సరిహద్దు తగాదా. క్రీ.పూ. 416లో సాయానికి ఏథెన్స్‌ను పిలిచారు, యుద్ధం ఖర్చంతా మాదే అన్నారు. నిజంగా ఇవ్వగలరా లేదా చూసి రమ్మని ఏథెన్స్ దూతలను పంపింది. సెజెస్తా వాళ్ళు వాళ్ళను రోజుకో ఇంటికి విందుకు పిలిచారు. ఏ ఇంటికెళ్ళినా బంగారు గిన్నెలు, వెండి గిన్నెలు! అవన్నీ ఒక్కటే సెట్టు. పక్క ఊళ్ళ నుంచి కూడా అరువు తెచ్చి ఇంటింటికీ తిప్పారు. ఇది గాలి కబురు కాదు, ఆ కాలపు గ్రీకు చరిత్రకారుడే రాసిపెట్టాడు. ఏథెన్స్ నమ్మి 415లో మహా నౌకాదళాన్ని పంపింది. తీరా వచ్చి అడిగితే ఖజానాలో ఉన్నది 30 టాలెంట్ల (టాలెంట్ ఆ కాలపు తూకం) వెండే. రెండేళ్ళకు ఆ సైన్యం సిసిలీ తూర్పు తీరంలోని గ్రీకు నగరం సిరక్యూజ్ దగ్గర సర్వనాశనమైంది. అరువు సొమ్ము బరువు చేటు అంటారు గానీ, ఇక్కడ అరువు తెచ్చుకున్నవాళ్ళు ఒకరు, చేటు పడ్డవాళ్ళు ఇంకొకరు. ఈ గుడి కూడా ఆ దూతల కళ్ళు చెదరగొట్టడానికే మొదలెట్టారనే వాళ్ళున్నారు. నాకది నమ్మబుద్ధి కాలేదు. కన్ను చెదరాలంటే ఇంత కొలతలు తీసి కట్టనక్కరలేదు.

మర్నాడు నడక జింగారోలో. స్కొపెల్లో నుంచి సాన్ వీతో లో కాపో వైపు ఏడు కిలోమీటర్ల సముద్రతీరం, ఒకవైపు కొండ, ఒకవైపు నీలం నీళ్ళు, మధ్యలో కాలిబాట. కార్లు లోపలికి రావు. స్కొపెల్లో వైపు ద్వారం దాటగానే ఒక సొరంగం వస్తుంది, కాలిబాటకు అంత పెద్ద సొరంగం ఎందుకా అనుకున్నాను. అది బాటకు కాదు, రోడ్డుకు తవ్వింది. ఈ తీరం వెంట కారు రోడ్డు వేస్తామని పని మొదలెట్టారు. 1980 మే 18న వేలమంది జనం ఇక్కడికి నడిచి వచ్చి వద్దన్నారు. పని ఆగింది. మర్నాటి ఏడు, 1981లో, ఇది సిసిలీలో మొట్టమొదటి ప్రకృతి రక్షిత ప్రాంతమైంది. గైడ్ అప్పుడు స్కూలు పిల్ల, నాన్న భుజాల మీద ఎక్కి వచ్చిందట. నడిచాను అనడానికి లేదు, కానీ లెక్కలో ఉన్నాను అని నవ్వింది.

బాటకు అటూ ఇటూ పొట్టి తాటి పొదలు. విసనకర్రలాంటి ఆకులు, మోకాలెత్తు, మహా అయితే నడుమెత్తు. యూరప్ ప్రధాన భూభాగంలో సహజంగా పెరిగే తాటి జాతి ఇదొక్కటేనట. ఆకుతో చీపుర్లు, బుట్టలు, తాళ్ళు చేసేవాళ్ళు. లోపల పాత ఇళ్ళల్లో ఆ పనిముట్లతో చిన్న మ్యూజియం పెట్టారు. 2012లోనూ 2020లోనూ ఇక్కడ పెద్ద మంటలు లేచి కొండంతా మాడిపోయింది. నల్లబడిన మొదళ్ళ నుంచే ఈ తాటి మళ్ళీ చిగురేసింది, అదే దాని గుణం. చెట్లు మాత్రం అంత తొందరగా రాలేదు. నీడ ఉంటుందనుకుని వెళ్ళకండి. ఉత్సో అనే గుహలో పదివేల ఏళ్ళ కిందటే మనుషులు కాపురమున్నారు, చనిపోయినవాళ్ళను అక్కడే పూడ్చుకున్నారు. ముందు కడలి, వెనక కొండ, చేపలు, వేట. స్థలం ఎంచుకోవడం వాళ్ళకు బాగా తెలుసు. నాగజెముడు పొదలు ఎక్కడ చూసినా ఉన్నాయి, సిసిలీ పోస్టుకార్డుల మీద కూడా అవే. కానీ అవి అమెరికా నుంచి వచ్చినవి, కొలంబస్‌కు ముందు ఇక్కడ ఒక్కటీ లేదు.

ట్రాపాని ఉప్పు మడులు దారిలో చూశాం. గాలిమరలు, ఒక మడి నుంచి ఇంకో మడికి చిక్కబడుతూ పోయే నీళ్ళు, పెంకులు కప్పిన ఉప్పు గుట్టలు, దూరంగా ఫ్లెమింగోలు. ఉప్పు తీసేది ఎండాకాలంలో కాబట్టి ఏప్రిల్లో పని కనపడలేదు. ఊళ్ళో రాత్రి భోజనం కూస్‌కూస్. గోధుమ రవ్వను తడి చేతుల్తో గుండ్రంగా రుద్ది, ఆవిరి మీద ఉడికించి చేపల పులుసుతో పెడతారు, ట్యునీసియా అవతలి ఒడ్డునే ఉంది మరి. మా ఆయనకు బాదం, టమోటా, తులసి జాతి ఆకు, వెల్లుల్లి దంచిన పచ్చడి కలిపిన మెలికల పాస్తా. రెండు పూటలూ అదే తిన్నాడు.

సెలినుంతె కథ సెజెస్తాకు రెండో సగం. ఏథెన్స్ మునిగాక సెజెస్తా ఈసారి ఆఫ్రికా ఒడ్డున ఉన్న కార్తేజ్‌ను పిలిచింది. క్రీ.పూ. 409లో కార్తేజ్ సైన్యం సెలినుంతెను నేలమట్టం చేసింది. ఇప్పుడు సముద్రం గట్టున మైదానం నిండా పడిపోయిన గుళ్ళే. ఒకటి మాత్రం 1950లలో తిరిగి నిలబెట్టారు. అన్నిటికంటే పెద్దది ఇంగ్లీషు అక్షరం ‘జి’ పేరుతో పిలిచే గుడి, అది రాళ్ళ కొండలా పడి ఉంది. స్తంభాల ఎత్తు 16 మీటర్లకు పైమాట. అదీ పూర్తి కాని గుడే.

దాని రాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడాలంటే పది కిలోమీటర్లకు పైగా వెళ్ళి కూసా క్వారీ చూడాలి. చాలామంది వెళ్ళరట. ఈ యాత్రలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అదే. ఆలివ్ చెట్ల మధ్య రాతి గట్టు. గట్టులో గుండ్రంగా గీత గీసి, చుట్టూ ఒక మనిషి పట్టేంత సందు తొలుచుకుంటూ కిందికి దిగారు. మధ్యలో మిగిలిందే స్తంభపు దిమ్మె. కొన్నిటికి గీత మాత్రమే గీశారు. కొన్ని సగం లోతు దిగాయి. కొన్ని పూర్తిగా తొలిచి, అడుగున విడగొట్టడమే తరువాయి. కొన్ని దారి మీద దొర్లించుకుపోతూ వదిలేసినవి. శత్రువులు వస్తున్నారన్న కబురు విని పనివాళ్ళు ఎక్కడివక్కడ వదిలేశారని అంటారు. ఆ సందులోకి దిగి చూశాను. ఉలి దెబ్బలు వరసగా, ఒకే వాలులో ఉన్నాయి. దెబ్బ దెబ్బకీ రాయి ఎంత ఊడిందో కొలవొచ్చు.

చివరగా వెళ్ళిన చోటు గురించే మా వ్యాన్‌లో గొడవ జరిగింది. 1968 జనవరి 14–15 రాత్రి బెలీచె లోయలో భూకంపం వచ్చి జిబెల్లీనా ఊరు కూలిపోయింది. లోయలో వందల మంది పోయారు. కొత్త ఊరు దూరంగా మైదానంలో కట్టారు. పాత ఊరి శిథిలాలను అల్బెర్తో బుర్రి అనే కళాకారుడు తెల్ల సిమెంటు కింద కప్పేశాడు. మనిషెత్తు దిమ్మెలు, మధ్యలో ఒకప్పటి వీధుల వెంట సందులు. 1984లో మొదలై, డబ్బులు లేక 1989లో ఆగి, 2015లో పూర్తయింది. బుర్రి 1995లోనే పోయాడు.

డచ్ ఆయన గొప్ప కళ అన్నాడు. నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను. పక్కనే పొజ్జోరెయాలె ఉంది, అదే భూకంపానికి పాడుపడి, గోడలు, అటకలు, మెట్లు ఎలా ఉన్నవి అలా మిగిలిన ఊరు. అక్కడ ఇల్లు ఇల్లుగా తెలుస్తుంది. ఇక్కడ ఎవరిల్లు ఎక్కడో వెతుక్కోవడానికి కూడా లేదు. మా ఆయన నాకు ఎదురు తిరిగాడు: కూలిన గోడ ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఇంకో యాభై ఏళ్ళకు పొజ్జోరెయాలె మట్టిదిబ్బ, ఇదుంటుంది అన్నాడు. గైడ్‌ను అడిగితే, ఊరివాళ్ళే రెండుగా చీలారు, మీరెందుకు కొట్టుకుంటారు అంది. పాలెర్మో చేరేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. మార్చి చివరి నుంచి మే దాకా మంచిది, పసుపు పచ్చటి పూలతో మనిషెత్తు పెరిగే అడవి సోంపు అప్పుడే విరగపూస్తుంది. జులై, ఆగస్టుల్లో జింగారో నడక వద్దు. లోపల కొట్లు ఉండవు, నీళ్ళు మీరే మోసుకెళ్ళాలి. సెజెస్తాలో గుడి చూసి వెనక్కి రాకుండా కొండ మీది నాటకశాలకు బస్సెక్కండి. కూసా క్వారీ మీ టూర్‌లో లేకపోతే అడిగి పెట్టించుకోండి.