లారీ ఛాసిస్ మేస్త్రి చేతిలో రేసు హెరాల్డ్

పాత కారుని రేసుకి తయారు చేస్తున్నానని చెప్తే ఎవరైనా ముందు ఇంజిన్ గురించే అడుగుతారు. ఎన్ని సీసీలు, కార్బొరేటర్ ఏంటి, సైలెన్సర్ ఎక్కడ చేయించావ్. ముందు చట్రం, అంటే ఛాసిస్, ఏం చేశావని అడిగినవాడు నాకింకా తగల్లేదు. స్టాండర్డ్ హెరాల్డ్ వరకు నా మాట ఒకటే, చేతిలో డబ్బులు తక్కువుంటే ఇంజిన్ జోలికి పోకండి, ఉన్నదంతా ముందు ఛాసిస్ మీద పెట్టండి.

హెరాల్డ్ చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్లు 1959లో తెచ్చిన బండి ఇది, రూపం గీసింది ఇటలీ డిజైనర్ జియోవన్నీ మికెలోట్టి. అరవైల్లో మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు 948 సీసీ ఇంజిన్‌తో ఇక్కడ తయారు చేశారు, మద్రాసు దగ్గర షోలవరం ఎయిర్‌స్ట్రిప్ రేసుల్లో కూడా పరిగెత్తింది. బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి లేస్తుంది, ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు, ఈ సుఖం చాలా కార్లలో ఉండదు. ఇక అసలు సంగతి, ఫియట్ 1100కీ అంబాసిడర్‌కీ బాడీ, చట్రం ఒకటే అయితే, దీనికి లారీకున్నట్టు విడి ఛాసిస్ ఉంది. బోల్టులు విప్పితే బాడీ పైకి లేచిపోతుంది. విజయవాడ లాంటి ఊళ్లో ఇంతకంటే కలిసొచ్చేదేముంది, రేసు ట్రాక్ లేకపోతేనేం, ఛాసిస్ పని తెలిసిన చేతులు ఆటోనగర్ నిండా ఉన్నాయి.

పని మొదలుపెట్టేముందు కాగితాల సంగతి చూసుకోవాలి. మా పెదనాన్న గారి దగ్గర ఒక హెరాల్డ్ ఉంది, దాని మీద గ్రైండర్ పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేస్తే వింటేజ్ హోదా రాదు. మామూలు రిజిస్ట్రేషన్ మీద తిప్పుదామన్నా కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అందుకని తెనాలి వైపు ఒక రైసు మిల్లు షెడ్డులో తుప్పు పట్టి పడున్న వేరే హెరాల్డ్ తెచ్చాం. ఇది ట్రాక్ మీద తప్ప రోడ్డెక్కదు, చెన్నై దాకా ట్రెయిలర్ మీదే ప్రయాణం.

మేస్త్రి గారు జీవితమంతా లారీలే చూసినాయన. బాడీ తీసేసిన హెరాల్డ్ ఛాసిస్‌ని చూసి ఒకసారి నవ్వి, దాన్ని గట్టి చేద్దామని నేను చెప్పింది విని, "బాబూ, లారీ చట్రం మెలి తిరగాలి. రివిట్లు కొట్టేది అందుకే. నువ్వు ఒకచోట బిగించావంటే ఇంకోచోట పగులుద్ది" అన్నారు. లారీకి ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. గుంటల రోడ్డులో నాలుగు చక్రాలూ నేల మీద ఉండాలంటే చట్రమే కాస్త మెలి తిరగాలి. రేసు కారుకి ఈ లెక్క తారుమారవుతుంది. మలుపులో బయటి టైరు మీద పడే బరువంతా చక్రాన్ని చట్రానికి కలిపే పై ఆర్మ్, స్ప్రింగుల గుండా టవర్‌లోకి (స్ప్రింగు పై కొసని పట్టుకునే నిలువు ముక్క), కింది ఆర్మ్ గుండా రెండు చిన్న బ్రాకెట్లలోకి వస్తుంది, ఆ రెండు బ్రాకెట్లూ బిగించి ఉండేది రేకుని పెట్టెలా మడిచి చేసిన ఛాసిస్ పట్టీకి. మనం గట్టి స్ప్రింగులు తెచ్చి వేస్తాం. స్ప్రింగు వంగకపోతే దాన్ని పట్టుకున్న చట్రం వంగుతుంది. స్ప్రింగు ఊగితే ఆపడానికి షాక్ అబ్జార్బర్ ఉంది, చట్రం ఊగితే ఆపేదేదీ లేదు. షెడ్డులో కొలిచి పెట్టుకున్న కాంబర్ (నిలువుకి చక్రం ఎంత వాలి ఉందన్న లెక్క) మలుపు మధ్యలో మారిపోతుంది, డ్రైవరేమో తప్పు స్టీరింగ్‌లో వెతుక్కుంటాడు.

అట్లాగని మొత్తం చట్రాన్ని ఇనుప దిమ్మలా చేసేయమని కాదు. యూట్యూబ్ చూసి అతుకులన్నీ ఒక చివర నుంచి ఇంకో చివరికి వెల్డింగ్ లాగించేసేవాళ్లున్నారు, వేడికి ఛాసిస్ అరటికాయలా వంగాక అలైన్‌మెంట్ షాపుల చుట్టూ తిరుగుతారు. బలం కావాల్సింది బరువు చట్రంలోకి దిగే చోట. టవర్ కాళ్ల దగ్గర, కింది ఆర్మ్ బ్రాకెట్ల వెనక, ముందు అడ్డపట్టీ ఛాసిస్‌ని కలిసే మూలల్లో, అంతే. రెండు టవర్లనీ పైన కలుపుతూ ఒక పైపు కూడా వేశాం, బానెట్టు మూసుకునేటంత జాగా చూసుకుని, అవసరమైతే విప్పుకునేలా బోల్టుల మీద.

కొలతలకే ఎక్కువ టైమ్ పట్టింది. ఛాసిస్‌ని స్టాండ్ల మీద ఎక్కించి, రసమట్టం పెట్టి, దారానికి గుండు కట్టి ఒక్కో బోల్టు రంధ్రం నుంచి నేల మీదకి వదిలి సుద్దముక్కతో గుర్తులు పెట్టాం. తర్వాత ఆ గుర్తుల మధ్య మూల నుంచి మూలకి టేపు పట్టాం. ఎడమ పక్క పట్టీ కొంచెం లోపలికి పోయి ఉంది, ఎప్పుడో దెబ్బ తిన్న బండి. గ్యాసుతో కాల్చకుండా చెయిన్ వేసి జాకీతో మెల్లగా లాగారు. ఆ తర్వాతే వెల్డింగ్, అదీ సీఓటూ వెల్డింగ్, కుడివైపు కొంచెం ఎడమవైపు కొంచెం, మధ్యలో చల్లారనిస్తూ, మళ్లీ కొలుస్తూ. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద చల్లారడమంటే ఎంతసేపో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు.

బలానికి వేసే పట్టీల కోత దగ్గర మాత్రం మేస్త్రి గారి మాటే నెగ్గింది, నెగ్గాలి కూడా. నేను కాగితం మీద నలుచదరం ముక్కలు గీసుకొచ్చాను. ఆయన వాటి చివరలు ఏటవాలుగా కోయించి, ఛాసిస్‌కి అడ్డంగా ఎక్కడా వెల్డింగ్ గీత రానివ్వలేదు. గట్టి భాగం ఒక్కసారిగా ఆగిపోయి మెత్తటి భాగం మొదలయ్యే గీత మీదే పగులు పుడుతుంది, సన్నగా తగ్గించుకుంటూ ముగిస్తే ఆ ఒత్తిడి చెదిరిపోతుంది. ఛాసిస్ పట్టీ పై అంచులోనూ కింది అంచులోనూ రంధ్రం పెట్టనివ్వలేదు, వంగినప్పుడు ఎక్కువ లాగుడు పడేది ఆ అంచుల మీదే కాబట్టి. నిలువు ముఖం మధ్యలో ఎన్నయినా పెట్టుకో అన్నారు. ఇది లారీకైనా రేసు కారుకైనా ఒకటే లెక్క.

చట్రం గట్టిపడ్డాక మిగతాది సులువే. కింది ఆర్మ్ బ్రాకెట్లకీ ఛాసిస్‌కీ మధ్య కంపెనీ వాళ్లే షిమ్ములు, అంటే సన్నటి రేకు బిళ్లలు, ఇచ్చారు, రెండిటికీ సమానంగా పెంచితే చక్రం అడుగు బయటికి వచ్చి నెగెటివ్ కాంబర్ వస్తుంది, కొత్త పార్టు కొననే అక్కర్లేదు. స్టీరింగ్ ర్యాక్ రబ్బరు బుష్షుల మీద కూర్చుని ఉంటుంది, వాటి బదులు లేతు మీద అల్యూమినియంవి తిప్పించాం.

ఒక్క హెచ్చరిక. అప్‌రైట్ (ముందు చక్రాన్ని మోసే నిలువు ముక్క) కింద ఇత్తడి ట్రనియన్ ఉంటుంది, అప్‌రైట్‌ని కింది ఆర్మ్‌కి కలిపే మరల జాయింట్ అది, అందులో గ్రీజు కొట్టకండి, 90 నంబరు గేర్ ఆయిల్ పోయాలి. గ్రీజు గట్టిపడితే మరల్లోకి పోదు, లోపల తేమ చేరి తుప్పు పడుతుంది, ఏదో ఒకరోజు అప్‌రైట్ మరల దగ్గరే పుటుక్కున విరిగి చక్రం పడుకుంటుంది. మన దగ్గర గ్రీజు గన్ను కనిపిస్తే అన్నిటికీ కొట్టేస్తారు కాబట్టి దగ్గరుండి చూసుకోండి. ఇలా అంటే ఇదేదో నాసిరకం పార్టు అనుకునేరు, ఇంగ్లండ్‌లో లోటస్ లాంటి వాళ్లు తమ చిన్న రేసు కార్లకి ఈ అప్‌రైట్‌నే తీసుకుని వాడారు.

బండి తిరగబడితే డ్రైవర్ని కాపాడే రోల్ కేజ్ పైపులు సీమ్‌లెస్‌వి (అతుకు లేనివి) చెప్పాం, డ్రైవర్ వెనక నిలిచే మెయిన్ హూప్‌కి 45 మిల్లీమీటర్లు, 2.5 మందం. దాని కాళ్లు బాడీ రేకు మీద ఆగకుండా కిందున్న ఛాసిస్ దాకా దింపాలి. వెనక స్వింగ్ యాక్సిల్‌ది (చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే యాక్సిల్) ఇంకో గొడవ, మలుపులో ఉన్నట్టుండి యాక్సిలేటర్ వదిలితే బయటి వెనక చక్రం కిందికి ముడుచుకుంటుంది. దానికి అడ్డంగా ఇంకో లీఫ్ స్ప్రింగు కట్టాలా, పట్టీలతో చక్రం దిగడం ఆపాలా అన్న దగ్గర నాకూ మేస్త్రి గారికీ ఇంకా తేలలేదు.