చెల్లి పెళ్లికి అప్పు పుట్టనివ్వను

నా పెళ్లికి నాన్న మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే నెలకు 6,000, ఏడాదికి 72,000. కందుకూరు వేలం ప్లాట్‌ఫారంలో పొగాకు బేళ్లు అమ్మాక, బ్యాంకువాళ్లు పంట రుణం పట్టుకోగా మిగిలింది ముందు ఆ వడ్డీకే పోయేది. నేను చంటిపిల్లను ఎత్తుకుని ఒంగోలు నుంచి పుట్టింటికి వచ్చేనాటికి కూడా అసలు అలాగే ఉంది. అందుకే వచ్చే వైశాఖంలో చెల్లి పెళ్లి అనుకోగానే లెక్కల పుస్తకం నేను తీసుకున్నాను. బంగారం కాకుండా రెండున్నర లక్షలు. అది దాటకూడదు, అప్పు పుట్టకూడదు.

"నలుగురూ ఏమనుకుంటారే అమ్మాయ్" అన్నాడు నాన్న. సరే, ఆ నలుగురూ ఎవరో ముందు రాద్దామని కూర్చున్నాం. రాస్తూ పోతే ఎనిమిది వందలు దాటారు. నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు మా గడప తొక్కినవాళ్లెవరు, మేము ఎవరి ఇంటి మంచికీ చెడుకీ వెళ్లాం అని ఒక్కో పేరూ చూసుకుంటూ వస్తే 350 మంది తేలారు. పెళ్లి ఖర్చంతా ఆ జాబితాలోనే ఉంటుంది. కుర్చీలు, ఆకులు, బియ్యం, మంచినీళ్లు అన్నీ దాని వెనకే నడుస్తాయి. మండపం బేరం దాని తర్వాతి మాట.

ముహూర్తం పగటిపూట కావాలని పంతులుగారిని గట్టిగా అడిగాను. రాత్రి ముహూర్తమైతే రాత్రి భోజనం, తెల్లారి టిఫిన్, మళ్లీ మధ్యాహ్నం భోజనం, వచ్చినవాళ్లకు పడక, లైట్లు, జనరేటరు. పొద్దున తొమ్మిదిన్నరకైతే ఒక్క టిఫిను, ఒక్క భోజనం. గురువారం కుదిరింది. మేనత్త మాత్రం మాలకొండ మీద చేయాలని పట్టుబట్టింది. అక్కడ స్వామి దర్శనం శనివారమే కదా, మనది గురువారమత్తా అని నచ్చజెప్పి సింగరాయకొండ నరసింహస్వామి గుడి ఖాయం చేశాం. అబ్బాయివాళ్లది కావలి. రైలెక్కితే సింగరాయకొండలోనే దిగొచ్చు, బస్సులు మాట్లాడే పని లేదు. కట్నం మాట అబ్బాయే వద్దన్నాడు. ఆ పిల్లాడంటే నాకు గౌరవం.

భోజనాల దగ్గర మాత్రం నేను పైసా తగ్గించను. మనింటికొచ్చినవాళ్లు కడుపునిండా తిని వెళ్లాలి. ప్లేటుకింత అని క్యాటరింగ్‌కు ఇవ్వకుండా, వంటమాస్టరుకు కూలి మాట్లాడి సరుకులు మేమే తెస్తున్నాం. ఆయన లెక్క వందమందికి 12, 13 కిలోల బియ్యం. పులిహోరకు కూడా కలుపుకుని 26 కిలోల మూటలు రెండు చాలన్నాడు. అవి పెదమామ తెస్తానన్నాడు. వైశాఖమంటే మామిడికాయలకు కొదవుండదు, కాబట్టి మామిడికాయ పప్పు. గుత్తివంకాయ, గుమ్మడికాయ పులుసు, పులిహోర, బూరెలు, అమ్మ పెట్టే కొత్తావకాయ, గడ్డపెరుగు. అరిటాకులో వడ్డన, బంతి భోజనం. బఫేలో ప్లేటు పట్టుకుని నిలబడి తినడం మా తాతయ్యకు చేతకాదు, వయసైన వాళ్లెవరికీ చేతకాదు. వడ్డనకు మా వీధి కుర్రాళ్లు నడుం కట్టారు. ఎండకు మజ్జిగ కుండలు గుడి మెట్ల దగ్గరే పెట్టిస్తున్నాం. ఇదంతా లక్షలో అవుతుంది.

బంగారం కొనడం లేదు. అమ్మ పాత గొలుసు కరిగించి తాళిబొట్టు, నల్లపూసలు చేయిస్తున్నాం. గ్రాము రేటు గురించి ఎవరూ బేరమాడలేరు గానీ తరుగు దగ్గర తప్పకుండా ఆడాలి. ఒక్కో కొట్టువాడు ఒక్కోలా చెప్తాడు, మూడు నాలుగు కొట్లు తిరిగాకే ఇవ్వండి. మధుపర్కాలు చీరాలలో తీసుకున్నాం. పెళ్లికూతురికి ఒక్క మంచి పట్టుచీర, మిగతావి వెంకటగిరి జరీ నేత చీరలు. అవైతే రేపు బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేటప్పుడూ కట్టుకోవచ్చని చెల్లే అంది.

శుభలేఖలు మానేసి ఫోన్లో పంపిద్దామన్నారు. రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు పత్రిక అడుగుతారని వంద అచ్చు వేయించాం. పెద్దవాళ్లకు బొట్టుపెట్టి చేతికివ్వడానికి కూడా అవే.

ఒక్క విషయంలో అందరితో వాదించాను. చదివింపులు వస్తాయిగా, ఆ ధీమాతో కాస్త ఎక్కువ ఖర్చు పెట్టుకోవచ్చని బాబాయి సలహా. ఆ డబ్బును నేను లెక్కలోకి రానివ్వలేదు. చదివింపుల పుస్తకంలో రాసిన ప్రతి పేరుకూ రేపు వాళ్ల ఇంట్లో కార్యానికి మనం తిరిగి పెట్టాలి. వచ్చింది వచ్చినట్టు చెల్లి పేరున బ్యాంకులో వేస్తాం.

డీజే లేదు, పెళ్లికి ముందు ఫొటోషూట్ లేదు. సన్నాయి మాత్రం ఉండాలి, తాళి కట్టేటప్పుడు గట్టిమేళం వినపడకపోతే నాకు పెళ్లిలా అనిపించదు. మాకు తెలిసిన మేళంవాళ్లకు ఆ రోజు వేరే చోట ఒప్పుకోలు ఉందట. కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల డోలు సన్నాయి వాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి, బయానా ఇచ్చేస్తాం.