పెరుగన్నంలోకి ఏంటి?

బీపీ ఒక్కసారి కాదు, మూడుసార్లు చూశారు. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుందట, పెద్దది తెప్పించి మరీ చూశారు. 126/82. మావాడికి 11 ఏళ్లు.

"పెరుగన్నంలోకి ఏం నంజుకుంటావు నాన్నా?" అని అడిగారు డాక్టరమ్మ.

"ఆవకాయ. లేకపోతే చిప్స్" అన్నాడు, ప్రైజ్ ఇస్తారన్నట్టు.

ఇంకో రెండుసార్లు పిలిచి చూశాకే బీపీ ఉందో లేదో తేలుస్తామన్నారు. పిల్లలకి వయసు, ఎత్తు బట్టి లెక్క వేరట. నాకు మాత్రం టెన్షన్ అప్పుడే మొదలైపోయింది.

ఇంటికొచ్చి నూడుల్స్ ప్యాకెట్ తిప్పి చదివాను. ఉప్పు అని రాయరు, సోడియం అంటారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచాడు. పిల్లలకి ఇంకా తక్కువ. పచ్చడి, అప్పడం, సాయంత్రం మిక్చర్... మా ఇంట్లో ఆ చెంచాడు మధ్యాహ్నానికే అయిపోతుందేమో.

రాత్రి పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి పెట్టాను. కంచం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"అమ్మా, నానమ్మ పంపిన జాడీ ఎక్కడ దాచావ్?"

అటక మీద. వాళ్ల నాన్నకి కూడా చెప్పలేదు.