నా పిల్లికూతలకు కారణం ఉబ్బసం కాదు

ముప్పై అయిదేళ్లు దాటాక నాకు రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. పగలు బాగానే ఉండేది. అర్ధరాత్రి దాటితే పొడి దగ్గు, ఛాతీ పట్టేయడం, ఊపిరి వదిలినప్పుడల్లా కూత. మొదట చూపించిన చోట ఉబ్బసం అని ఇన్‌హేలర్ రాశారు. కాస్త తేలికపడేది, మళ్లీ మామూలే. బరువు కూడా తగ్గేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

తర్వాత కాకినాడలో ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన స్టెత్ పెట్టకముందే చాలాసేపు ప్రశ్నలడిగారు. సిగరెట్ అలవాటుందా? పడుకుంటే ఆయాసం పెరిగి, లేచి కూర్చుంటే తగ్గుతోందా? పాదాలు వాస్తున్నాయా? పుల్లటి తేన్పులు వస్తున్నాయా? కంట్లో చుక్కలేమైనా వేసుకుంటున్నారా? కంటి చుక్కలకీ ఊపిరికీ సంబంధమేమిటని అడిగాను. గ్లాకోమాకి వాడే టిమోలాల్ చుక్కలు రక్తంలో కలిసి కొందరిలో శ్వాసనాళాలను బిగించేస్తాయట. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా అచ్చం ఉబ్బసంలాగే కూత వస్తుందన్నారు. పిల్లల్లో ఉన్నట్టుండి ఒకవైపే కూత వినిపిస్తే, వేరుశెనగ గింజలాంటిది ఇరుక్కుందేమో వెంటనే చూడాలట. అంత ఓపిగ్గా చెప్పినందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఎక్స్‌రేలో రెండువైపులా సన్నటి మచ్చలు కనిపించాయి. కానీ దారి చూపింది రక్తపరీక్షే. ఇసినోఫిల్స్ అనేవి ఒక రకం తెల్లరక్తకణాలు. మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉండాల్సినవి నాకు 3,000 దాటాయి. "మీదే ఊరండీ?" అన్నారు. కోనసీమ అనగానే ఫైలేరియా యాంటీబాడీ పరీక్ష రాశారు. పాజిటివ్.

బోదకాలు తెచ్చే పురుగే ఈ ఫైలేరియా. దోమకాటుతో ఒంట్లో చేరాక, దాని పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. వాటిమీద ఒళ్లు అతిగా తిరగబడితే ఈ కూతలు, దగ్గు. కాళ్లు వాయాలనేం లేదు. రాత్రిపూట రక్తం తీసి చూసినా పురుగు సాధారణంగా కనపడదు. అందుకే చాలామందికి ఉబ్బసం మందులే నడుస్తుంటాయి. వైద్యం ఆలస్యమైతే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ప్రమాదం ఉందని విన్నాక భయమేసింది.

మందు డీఈసీ (డైఇథైల్ కార్బమజైన్), మూడు వారాల కోర్సు. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఇచ్చే మాత్రల్లో ఇదీ ఒకటి. చాలా ఇళ్లలో వాటిని తీసుకుని అటక మీద పడేస్తారు. దయచేసి వాళ్ల ముందే మింగండి. నాకు మొదటి వారంలోనే నిద్ర పట్టింది, కోర్సు అయ్యేసరికి కూత పోయింది.

ఇన్‌హేలర్ వాడుతున్నా రాత్రిళ్లు తగ్గనివాళ్లు, ముఖ్యంగా మా గోదావరి జిల్లాలవాళ్లు, ఇసినోఫిల్ కౌంట్ గురించి డాక్టరును అడగండి. మామూలు ల్యాబుల్లోనే చేస్తారు. ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా ఆపకండి. ఈ జబ్బు కొందరికి తిరగబెడుతుందట, అందుకని నన్ను అప్పుడప్పుడు కౌంట్ చూపించుకోమన్నారు. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.