మందారం ఫోటోలో ఎర్రటి ముద్దలా ఎందుకు పడుతుంది?

ముద్ద మందారం సంగతి కాదు, అయిదు రేకుల ఎర్ర మందారం గురించి. కంటికి రేకుల మీద ఈనెలు, అంచుల్లో ముడతలు, నడిమికి వెళ్లేకొద్దీ చిక్కబడే రంగు అన్నీ కనిపిస్తాయి. ఫోటోలో మాత్రం ఎర్ర కాగితం కత్తిరించి అతికించినట్టుంటుంది. ఫోకస్ తప్పిందేమోనని మళ్లీ మళ్లీ తీస్తారు. చాలాసార్లు ఫోకస్ బాగానే ఉంటుంది. ఎరుపు పొంగిపోయి, అంటే కెమెరా పట్టగలిగిన హద్దు దాటిపోయి ఉంటుంది.

కెమెరా వెలుతురును లెక్కగట్టేటప్పుడు ఆకుపచ్చకే పెద్ద పీట వేస్తుంది, ఎరుపు వాటా అందులో మూడో వంతు కూడా ఉండదు. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మూడు చానెళ్లుగా విడివిడిగా నమోదు చేస్తుంది. అందుకే ఎరుపు చానెల్ నిండిపోయి వివరాలు పోయినా, వెలుతురు పంపకాన్ని చూపే తెల్లటి గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్ మాత్రం అంతా సవ్యంగానే ఉందని చూపిస్తుంది. మెనూలోకి వెళ్లి ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోండి, అది మూడు రంగులనూ విడిగా చూపిస్తుంది. ఎరుపు గీత కుడి గోడకు అంటుకుని నిలబడితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుతురును పెంచి తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7కి దించండి. అప్పటికీ అంటుకుంటే మైనస్ 1. ఆకులు నల్లబడతాయి, ఫరవాలేదు. రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ముడి ఫైలు) అయితే నీడలను తర్వాత పైకి తేవచ్చు. నిజంగా పొంగిపోయిన ఎరుపును వెనక్కి తెచ్చే మార్గం మాత్రం లేదు. ఫోన్‌లో అయితే పువ్వు మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును ఈనెలు కనిపించేదాకా కిందికి లాగండి.

ఎండ కూడా చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం రేకు మీద మెరుపు తెల్లగా తేలుతుంది, పక్కనే నల్లటి నీడ. ఉదయం ఎనిమిదిలోపు తీస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. మందారం ఒక్కరోజు పువ్వు కాబట్టి ఆ వేళకు తాజాగానూ ఉంటుంది. ఎండలోనే తీయక తప్పదంటే పలచటి తెల్ల పంచె ముక్కను ఎంబ్రాయిడరీ ఫ్రేముకు బిగించి, పువ్వుకు ఒక అడుగు పైన ఎవరినైనా పట్టుకోమనండి. నీడ అంచులు మెత్తబడతాయి. కింది వైపు చీకటిగా ఉంటే తెల్ల థర్మోకోల్ ముక్క చాలు. రంగు కాగితం పెట్టకండి, ఆ రంగు రేకులకు అంటుతుంది.

ఎక్కడ నిలబడి తీయాలన్నది కూడా ముఖ్యమే. మందారం నడిమిలోంచి కాడ బాగా ముందుకు పొడుచుకొస్తుంది. ఎదురుగా తీస్తే కాడ చివరి పుప్పొడి స్పష్టంగా ఉంటే రేకులు మసక, రేకులు బాగుంటే పుప్పొడి మసక. మాక్రో లెన్స్‌తో 1:1 దగ్గరికి, అంటే పువ్వు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్ 8లో కూడా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా ఉండే లోతు మిల్లీమీటరు దాటదు. ఎఫ్ 22కి మూసేస్తే లోతు కొంచెం పెరుగుతుంది గానీ, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది. అంతకంటే పక్కకు జరిగి, కాడ సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా చూసి, ఎఫ్ 8లో తీయడం మేలు. గాలి ఉంటే షటర్ 1/500. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 800 అయినా సరే, దాని వల్ల వచ్చే గింజల్లాంటి నాయిస్‌ను తగ్గించవచ్చు, ఊగిన పువ్వును నిలపలేం. ఫోన్‌ను పువ్వు మీదికి ఆనించకండి, చాలా ఫోన్లు దగ్గరైన కొద్దీ అల్ట్రావైడ్ లెన్స్‌కు మారిపోయి పువ్వును సాగదీస్తాయి. రెండడుగుల దూరం నుంచి 2ఎక్స్‌లో తీయండి.

ఎడిటింగ్‌లో జరిగే పెద్ద పొరపాటు సాచురేషన్, అంటే రంగు గాఢత పెంచడం. పువ్వు కదా, రంగు ఉట్టిపడాలి అనిపిస్తుంది. పెంచిన ప్రతి పాయింటూ రేకులోని తేడాలను చెరిపేస్తుంది. లైట్‌రూమ్‌లో (అడోబ్ వారి ఫోటో ఎడిటింగ్ యాప్) ముందు ప్రొఫైల్‌ను అడోబ్ న్యూట్రల్‌కు మార్చండి, సగం ఈనెలు అక్కడే తిరిగొస్తాయి. వైట్ బాలెన్స్ వెచ్చగా ఉంటే మూడు నాలుగు వందల కెల్విన్లు తగ్గించండి. కలర్ మిక్సర్‌లో ఎరుపు సాచురేషన్ మైనస్ 15, ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) మైనస్ 10 దగ్గర మొదలుపెట్టండి. ఆకుపచ్చ సాచురేషన్ మైనస్ 20 చేస్తే, ఎరుపును ముట్టుకోకుండానే పువ్వు ముందుకొస్తుంది. రేకులకు మాత్రమే మాస్క్ వేసి టెక్స్‌చర్ 15 ఇవ్వండి. క్లారిటీ వద్దు, రేకు బూడిద పూసినట్టవుతుంది.

ఇదే లెక్క అరకు వలిసె చేలకూ పనికొస్తుంది. పసుపులో ఎరుపు, ఆకుపచ్చ చానెళ్లు రెండూ కలిసి పొంగుతాయి, నవంబరు ఎండలో చేను మొత్తం పసుపు నీళ్లు చల్లినట్టు పడుతుంది. ఇక్కడా మైనస్ 0.7. 18-55 కిట్ లెన్స్‌ను 18 ఎంఎం దగ్గర పెట్టి, ఎఫ్ 11లో రెండు మీటర్ల దూరంలోని పువ్వు మీద ఫోకస్ చేస్తే, ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాలో సుమారు మీటరు నుంచి వెనకాల కొండల దాకా స్పష్టంగా వస్తుంది. కెమెరాను పూల ఎత్తుకు దించండి. నిలబడి తీస్తే చేను పరిచిన దుప్పటిలా ఉంటుంది, దించితే పూల తలలు కొండల మీదికి లేస్తాయి. గట్టు మీద నుంచే తీయండి, అది నూనె గింజల పంట, తొక్కిన ప్రతి మొక్కా రైతుకు నష్టమే.

కొండల మీది పొగమంచును పూర్తిగా తీసేయాలని మంచును తగ్గించే డీహేజ్ స్లైడర్‌ను 40, 50 దాకా లాగుతుంటారు. ఆకాశం ముదురు నీలమై, గింజలు గింజలుగా తేలుతుంది, కొండ అంచు వెంట తెల్ల గీత మెరుస్తుంది. దూరం తెలిసేదే ఆ మంచు వల్ల. డీహేజ్ 10 చాలు, అదీ కొండల వరకే మాస్క్ వేసి. షార్పెనింగ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ నొక్కి పట్టుకుని 70 దాకా జరపండి. తెల్లగా కనిపించే అంచులకే షార్పెనింగ్ పడుతుంది, ఆకాశం నున్నగా మిగులుతుంది.

చివరగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ (ఫైలు వాడే రంగుల పరిధి) ఎస్ఆర్‌జీబీ అని చూసుకోండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే కొన్ని ఫోన్లలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కుదింపులో ఆ ఈనెలే ముందు పోతాయి.