రీజ్‌స్కీ సందులో మీర్ అడ్రసు

మాస్కోలో మన బ్యాంకు వీసా కార్డు ప్లాస్టిక్ ముక్కతో సమానం. 2022 నుంచి బయటిదేశాల వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ చెల్లవు. రూబుళ్ళ కట్ట లోపలి జేబులో దాచుకుని, టీకి కూడా లెక్క చూసుకుంటూ తిరిగాను. క్రెమ్లిన్, అర్బాత్ అందరూ రాసేవే, వదిలేస్తున్నా.

నాక్కావలసింది మెట్రో నారింజ లైన్లో, రీజ్‌స్కయా వైపు. 2, పెర్వీ రీజ్‌స్కీ పెరెఉలోక్, సోవియట్ కాలంలో మనకి సైన్సు పుస్తకాలు వేసి పంపిన మీర్ ప్రచురణాలయం. పుస్తకం నచ్చిందో లేదో రాయమని చివరి పేజీలో ఈ అడ్రసే వేసేవాళ్లు. మా అన్నయ్య రాశాడు కూడా. స్టాంపుల డబ్బులే సినిమాకి పోయాయి.

గేటు దగ్గర మనిషి పుస్తకాల మాటెత్తగానే చెయ్యి అడ్డంగా ఊపేశాడు. బురదలో అంత నడక దండగ. తోడొచ్చిన గుంటూరు కుర్రాడు, అక్కడ మెడిసిన్ చదువుతున్నాడు, "దీనికోసమా అంకుల్!" అన్నాడు. "మేం బైపీసీ, ఇరొడోవ్ ఫిజిక్సు లెక్కల పుస్తకం జోలికే పోలేదు."

ఆ చిరాకులోనే ఒక పాత పుస్తకాల కొట్లో దూరాం. మీర్ అనగానే కొట్టు ముసలాయన అసిమోవ్, క్లార్క్, లెమ్ తెచ్చి బల్లమీద పెట్టాడు. అన్నీ సైన్స్ ఫిక్షనే! కాదు తాతా, ఫిజిక్సు, ఇరొడోవ్ అని కుర్రాడితో చెప్పించాను.

"అది నౌకా వాళ్లది కదా" అన్నాడాయన.

నిజమే. రష్యన్‌లో ఇరొడోవ్ వేసింది నౌకా అనే ఇంకో ప్రచురణాలయం. మీర్ దాన్ని 1981లో ఇంగ్లీషులో తెచ్చింది మనబోటి వాళ్లకోసం. అసలు 1946లో పెట్టిందే విదేశీ పుస్తకాలను రష్యన్‌లోకి తేవడానికి. 1963–64లో రెండుగా చీల్చి సాహిత్యం, రాజకీయం ప్రగతి ప్రచురణాలయానికి, సైన్సు మీర్‌కి ఇచ్చారు. అమెరికా శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఫిజిక్సు పాఠాలు రష్యావాళ్లకి చేరింది మీర్ అచ్చులోనే. బెజవాడ ఏలూరు రోడ్డు విశాలాంధ్ర కొట్లో ఆ గట్టి అట్టల పుస్తకాలు కారుచౌకగా కొనుక్కుని, రష్యా పిల్లలూ ఇవే చదువుతారనుకున్నాం మేం. సోవియట్ సర్కారు ఖర్చు భరించింది కాబట్టి ఆ ధర. 1991తో ఆ ముచ్చటా తీరింది.

ఫైన్‌మన్ ఒక సంపుటం 700 రూబుళ్ళు చెప్పాడు, మన లెక్కలో రమారమి అన్ని రూపాయలే. ఎంత బేరమాడినా దిగలేదు. ఎయిర్‌పోర్టు టాక్సీకి పక్కన పెట్టిన నోట్లలోంచి తీసిచ్చాను.

"రష్యన్ మీకు రాదు కదంకుల్" అన్నాడు కుర్రాడు.

సూత్రాలు చదవడానికి రష్యన్ ఎందుకురా అన్నాను.