గది లేనోళ్ళ ఏకాంత ప్రార్థన

మత్తయి 6:6లో గదిలోకెళ్ళి తలుపేసుకుని ప్రార్థన చెయ్యమన్నాడు కదా ప్రభువు, మరి బెంగళూరు మారతహళ్ళి పీజీ హాస్టల్లో త్రీ షేరింగ్‌లో ఉన్నోళ్ళ సంగతేంటక్కా అని ఫోన్లో అంటే, మార్కు 1:35 చదవరా అంది అక్క. నిజమే, కపెర్నహూములో శిష్యుడు సీమోను ఇంటి తలుపు దగ్గర ముందురోజు సాయంత్రం ఊరంతా ఉంది, అందుకేనేమో యేసు కూడా ఇంకా చీకటుండగానే లేచి ఒంటరిగా ప్రార్థన చేసుకోడానికి బయటికెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు టెర్రస్ మీద వాటర్ ట్యాంక్ పక్కన చోటు దొరికింది, చుట్టూ ఆరేసిన జీన్సులే అనుకోండి 😄 ఆదివారం చర్చిలో కీబోర్డు, డ్రమ్స్ ఉంటే పాట దానంతటదే వచ్చేస్తది, ఇక్కడ నా గొంతొక్కటే, శ్రుతి ఉండదు. 13వ కీర్తనలో దావీదు ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతావ్ అని దేవుణ్ణే నిలదీస్తాడు. చర్చిలో మైకు పట్టుకుని అలా అడగలేం గానీ ట్యాంకు పక్కన అడిగేయొచ్చు, కింద నుంచి ఇడ్లీ రెడీ అని కేక వినపడేదాకా.